నీలి అంచు తోక

సూరత్‌లో మన నేతపనివాళ్లుండే డిండోలి మొత్తమ్మీద ఏడు తలల పామును చంపిన మొనగాడు రఘుపతి ఒక్కడే. బల్లి కనబడితే మంచమెక్కేది కూడా అతనే అనుకోండి.

చిన్నప్పుడు ఊళ్లో ఆడిన చిరుతల భాగవతంలో పామును నరికిన వీరుడు తానేనని చెప్పే కరుణను పెళ్లికి ఒప్పించాడు. నేతగాళ్ల ఇళ్లన్నీ తలో పాత చీర ఇస్తే కుట్టిన పాము అది. తోకకు రఘుపతి వాళ్లమ్మ నీలి అంచు చీర. పొరుగూరి నుంచి వచ్చి, నాయన భుజాలమీద కూచుని ఆట చూసిన కరుణకు రంగు పూసుకున్న వీరుడి మొహమేం గుర్తుంటుంది? గుర్తున్నదల్లా ఒకటే. తలలన్నీ తెగిపడ్డాక కూడా తోకలోంచి గురక వినబడిందట, ఊరంతా పడీపడీ నవ్విందట. ఆమె అది చెప్పినప్పుడల్లా రఘుపతి అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగాయి. ఆ చప్పుడుకే ఇన్నేళ్లూ జోగిన ఏడు తలల పాము లేచి వచ్చి గల్లీకి అడ్డంగా పడుకుంది. జనం దానిమీద బట్టలారేసుకున్నారు. రేషన్ లైన్లో మనిషికీ మనిషికీ మధ్య మూడు పొలుసుల దూరం పాటించారు.

కరుణకు నొప్పులు మొదలైన మధ్యాహ్నం అంబులెన్స్ వచ్చి పాముకు అవతలే ఆగిపోయింది. దాని నడుమే మనిషెత్తు, నిండు గర్భిణి ఎక్కి దిగేది కాదు. పక్కింటి సమ్మక్క ఏడు తలలనూ బతిమాలింది. ఒక తల ఇంకో తల మొహం చూసిందే తప్ప ఏదీ కదల్లేదు.

"ఇన్నేండ్ల సంది పామును సంపిన సంపిన అంటివి గద బిడ్డా," అంది సమ్మక్క రఘుపతితో. "జర ముందటికి నడువు మరి."

రఘుపతి తలల వైపు పోలేదు. తోక దగ్గర కూలబడ్డాడు. అక్కడి పొలుసుల మీద సన్నటి నీలి అంచు. కాసేపు దాన్నే నిమిరి, అరచేత్తో రెండుసార్లు మెల్లగా తట్టాడు. బస్సులో సీటిచ్చే ముసలాయనలా పాము నిట్టూర్చి గోడవారకు ఒదిగింది.

ఆస్పత్రి చేరగానే ఆడపిల్ల పుట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని నర్సు చెప్పింది. లోపలికి రానివ్వలేదు గనక, తెల్లారి రఘుపతి కిటికీ బయట నిలబడ్డాడు.

"అందరు తలకాయల కాడ మొక్కుతాంటే, నువ్వు తోక కాడికి ఎందుకు వోయినవ్?" అని అడిగింది కరుణ.

"చీరెల పాము లోపట కండ్లు గానరావు. పక్కకు జరగాల్నంటే, ఆట నేర్పే పంతులు తోక మీద రెండుసార్లు తట్టేటోడు."

"కత్తి వట్టినోడివి, పాము లోపటి ముచ్చట నీకెట్ల ఎరుక?"

రఘుపతి బిడ్డ వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు, మాస్కును కళ్లదాకా లాక్కున్నాడు.

"ఆ గురక నాదే, కరుణా."