ఇంటి బస్తా

కౌసల్య ఇంట్లో వాన లేకుండానే నీళ్లు కారడం మొదలైంది.

ఎండలు ముదిరి, కర్దనూరు ఊళ్లో కుక్కలు కూడా నీడ వదిలి కదలని రోజులవి. బియ్యం బస్తాలు పెట్టుకునే నడిమి గదిలో, స్లాబు మూల నుంచి టప్పుమని ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి. కౌసల్య బస్తాలను పక్కకు జరిపి, బేసిను పెట్టి, బయటికి వెళ్లి ఆకాశం చూసి వచ్చింది. మబ్బు తునక లేదు. లోపలికి వచ్చి చూస్తే చుక్క పడుతూనే ఉంది.

సరే, పొద్దున పూట కారుతోంది కదా అని పొద్దున్నే బేసిను పెట్టడం అలవాటు చేసుకుంది. వారం తిరిగేసరికి పొద్దున చుక్క లేదు. అన్నం తిని నడుం వాల్చే వేళకు మొదలైంది. ఆ పై వారం పగలంతా పొడిగానే ఉండి, అందరూ పడుకున్నాక కారింది. ఇదెక్కడి చోద్యమో ఆమెకు బోధపడలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఎన్ని కప్పులు చూసింది! ఏ కప్పూ ఇలా డ్యూటీ మార్చుకోలేదు.

"స్లాబుకు చెమట పట్టినట్టుంది తియ్ అమ్మా," అన్నాడు కొడుకు నరేష్. పాశమైలారంలో ఏదో కంపెనీలో సూపర్‌వైజర్ అతను.

"చెమటైతే ఒక్క మూలకే పడ్తదారా? నీకు చెమట పడితే ఒక్క చెవికే పడ్తదా?"

"ఆ నీళ్లు సబ్బు వాసనొస్తున్నయి అత్తమ్మా," అంది కోడలు విమల బేసిను ఎత్తుతూ.

"బట్టలు పిండే బేసిను పెడ్తివాయె. వాసన రాదా మరి?" అని కోడలినే కసిరింది కౌసల్య. పాపం, ఆ పిల్ల బేసిను పారబోయడానికి వెళ్లింది.

ఇప్పుడు ఇంటి బస్తా సంగతి చెప్పుకోవాలి. వీళ్ల పాత ఇల్లు గూన పెంకులది. కౌసల్య అత్తగారు ఉన్న రోజుల్లో, జొన్నలు కల్లం నుంచి ఇంటికి రాగానే అన్నిటికంటే ముందు ఒక బస్తా తీసి మూలకు పెట్టేవారు. అది ఇంటిది. పిల్లలకు జ్వరం వచ్చినా, ఆడబిడ్డ అలిగినా దాన్ని ముట్టుకునేవారు కాదు. వానలు పట్టే మిరుగం కార్తెకు ముందు దాన్ని అమ్మి, పెంకులన్నీ దింపించి, పగిలినవి మార్చి, మళ్లీ పేర్పించేవారు. మిగిలితే ఎర్రమట్టి తెచ్చి గోడలకు పూసేవారు. మనుషుల్లాగే ఇల్లు కూడా ఏడాదికింత తింటుందని ఆ అత్తగారి లెక్క.

ఆ ఇంటి చోటులోనే ఈ స్లాబు ఇల్లు లేచింది. పైన సగం కిరాయి గదులు, సగం ఖాళీ డాబా. జొన్నలు లేకపోయినా కౌసల్య ఆ పద్ధతి వదల్లేదు. కిరాయి చేతికి రాగానే కొంత తీసి ఇత్తడి బిందెలో వేస్తుంది. ఇప్పటికీ దాని పేరు ఇంటి బస్తానే.

నరేష్‌కు ఆ బిందె మీదే మనసు. ఒక పాత కారు తీసుకుని కంపెనీ స్టాఫ్‌కు కిరాయికి తిప్పుదామని అతని ఆశ. నెలనెలా ఆ బస్తా తనకిస్తే కారు కిస్తీ వెళ్లిపోతుంది.

"పెంకుటిల్లు తిన్నట్టే సిమెంటిల్లు గూడ తింటే ఇగ కట్టుకునుడెందుకమ్మా?" అనేవాడు. కౌసల్యకూ ఆ మాట నిజమే అనిపించేది. కానీ మరి ఈ చుక్క?

మేస్త్రీ పెద్దరాములు వచ్చాడు. తలెత్తి చూశాడు, గోడ మీద కొట్టి విన్నాడు.

"నిరుటి వాన వదినా ఇది. స్లాబుల ఇంకి కూసున్నది. ఎండకు ఉడికి ఇప్పుడు దిగుతున్నది."

"నిరుటి వాన వారానికో పూట మార్చుకుంటదా?"

"సిమెంటు గుణం నీకెర్కనా, నాకెర్కనా? డాబా మొత్తం నీళ్లు దిగకుండ మందు పూయాలె. లేకుంటే వానకాలం నీ బియ్యం నానవోసినట్టే."

అత్తగారి నాటి నుంచి ఇంటి బస్తా అంటే కప్పుకే కదా. కౌసల్య బిందె బోర్లించింది. పెద్దరాములు డాబా గీకి, కడిగి, తెల్లగా మందు పూశాడు. ఆ రోజు నుంచి చుక్క ఆగిపోయింది. బేసిను ఎండిపోయింది.

"సూసినవా వదినా!" అని పెద్దరాములు మీసం దువ్వి, రెండోసారి చాయ్ పెట్టించుకుని మరీ తాగాడు.

"అయిపాయె గదమ్మా," అన్నాడు నరేష్. "ఇగ ఇంటికేం తిండి? ఒకటో తారీఖు నుంచి ఆ పైసలు నాకియ్యి."

కౌసల్య కాసేపు బిందె వైపు చూసి, "సరే బిడ్డా," అంది. మాట ఇచ్చింది గానీ, ఇంటికి అన్నం పెట్టకుండా పడుకోబెట్టినట్టు ఏదో వెలితి.

ఒకటో తారీఖు రానే వచ్చింది. మధ్యాహ్నం నరేష్ ఇంట్లోనే ఉన్నాడు. కారు వాళ్లకు అడ్వాన్స్ ఇవ్వాలని తొందరగా ఉన్నాడు. అప్పుడు టప్పుమంది.

ముగ్గురూ నడిమి గదిలోకి పరుగెత్తారు. అదే మూల, అదే చుక్క. తెల్లటి మందు పూసిన డాబా పైన ఎండ పెటపెటలాడుతోంది. కౌసల్య మళ్లీ బేసిను తెచ్చి పెట్టింది. ఇంటి బస్తా మొత్తం పోసినా ఇంటి ఆకలి తీరలేదంటే ఇక ఈ ఇంటికి ఏం కావాలి?

"ఆ రాములు కాక సంగతి నేన్జెప్త!" అని నరేష్ ఫోను తీశాడు.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. పై గదిలో ఉండే ఓదెలు కిరాయి తెచ్చాడు. మందుల కంపెనీలో పని చేస్తాడు. డాబాకు మందు పూసిన రోజునే అక్క పెళ్లని జోగిపేట వెళ్లి, నిన్ననే వచ్చాడు. నెత్తి ఇంకా తడిగా ఉంది.

"పెండ్లి మంచిగైందా బిడ్డా?"

"మంచిగైందవ్వా."

కౌసల్య ఆ తడి నెత్తి వైపే చూస్తూ ఉండిపోయింది. "గిదేందిరా, మిట్టమధ్యాహ్నం తానమా?"

"డ్యూటీకెల్లి రాంగనే పోసుకుంటనవ్వా. ఒళ్లంతా మందుల వాసన. ఫస్ట్ షిఫ్టైతే గీ టైముకు. నైట్ షిఫ్టైతే పొద్దుగాల."

"సెకండ్ షిఫ్టైతే?"

"మీరంతా పండుకున్నంక. ఎందుకవ్వా? బోరు నీళ్లు ఎక్కువ వాడుతున్ననా?"

"నువ్వు జెర పైకి పొయ్యి మళ్లా తానం చెయ్యి."

"ఇప్పుడేగదవ్వా చేసిన!"

"ఇంకోసారి చేస్తే అరిగిపోవు గనీ, పో!"

ఓదెలు పిచ్చి చూపులు చూసుకుంటూ వెళ్లాడు. పైన బకెట్ చప్పుడైంది. నరేష్ మూలన చెయ్యి చాచి నిలబడ్డాడు. కాసేపట్లో అరచేతిలో చుక్క పడింది. ఇంకొకటి, ఆపైన వరుసగా. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"సబ్బేనే," అన్నాడు చిన్నగా.

"నేను ముందుగాల్నే జెప్పిన," అంది విమల. కౌసల్య కోడలి వైపు చూడలేక కొంగుతో బేసిను తుడిచింది.

తప్పు ఎవరిదనాలి? పెంకుటింట్లో తానాలు పెరట్లో, బండ మీద. నెత్తి మీది నుంచి నీళ్లు వచ్చాయంటే ఆకాశం నుంచే. మనుషుల తలల పైన ఇంకో మనిషి తానం చేస్తాడని ఆమె మనసుకు ఎన్నడూ తట్టలేదు. పెద్దరాములుకూ తట్టలేదు.

"బాత్రూం బండలు తవ్వాలె, పైపు మార్చాలె," అని నరేష్ గొణిగాడు.

కౌసల్య కిరాయి నోట్లు పట్టుకుని నిలబడింది. కొడుక్కి ఇచ్చిన మాట ఒక పక్క, ఖాళీ బిందె ఒక పక్క. ఆ మూలకు వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించింది. అక్కడి నుంచి వంటింటి గోడకు, అక్కడి నుంచి మెట్ల కింది గోడకు వెళ్లింది. చల్లగా ఉన్నదో, తడిగా ఉన్నదో చేతికి తెలియడం లేదు. పెంకుటింట్లో పగిలిన పెంకు కంటికి కనిపించేది. ఇక్కడ అన్నీ గోడల్లోనే దాక్కున్నాయి.

"నరేషూ, గీ ఇంట్ల ఇంకా ఎక్కడెక్కడ నీళ్లు పోతున్నయిరా?"

"నాకేమెర్క? కట్టినోనికే ఎర్క ఉండాలె."

"కనవడని దానికి ఎంత పక్కకు పెట్టాలె మరి?"

నరేష్ ఆమె చేతిలోని నోట్ల వైపు చూశాడు, తన తడి అరచేతి వైపు చూశాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఇత్తడి బిందె మూత తానే తీశాడు.

"ఏమో అమ్మా. జెర ఎక్కువనే పెట్టు."

పైనుంచి ఓదెలు కేకేశాడు. "అవ్వా, అయిందా? ఇంకా పోసుకోవాల్నా?"