గర్భసంచి కొరకు ప్రార్థన

స్కానింగుకని మద్రాసు పోవాల్సిన మనిషిని, ముందురోజు సాయంత్రం నాలుగు రోజులకు సరిపడా గోంగూర పచ్చడి నూరి, కందిపొడి కొట్టి, మా ఆయన బనీన్లు ఉతికి మడతపెట్టి, అత్త షుగరు బిళ్లలు పూటపూటకూ విడివిడిగా పొట్లాలు కట్టి బయలుదేరాను. పొత్తికడుపులో నొప్పి అని వారంగా మూలుగుతున్న ఆడది రోటి దగ్గర గంటసేపు ఎట్లా కూర్చుందని ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. నొప్పి ఉన్నా చేస్తుందిలే అనుకున్నారు. నిజంగా ఉన్న రోజుల్లో చేశాను కూడా.

ఇప్పుడు నేనున్నది ఆస్పత్రిలో కాదు. మద్రాసులో విమానం ఎక్కి, అండమాన్లో దిగి, అక్కణ్ణుంచి పడవలో వచ్చిన ఒక దీవి మీద. నా ముందు రాధిక నడుస్తోంది. మార్కాపురంలో నాతోపాటు డిగ్రీ చదివింది, ఇప్పుడు టీచరు. టీచర్లు కలిసి వేసుకున్న ఈ యాత్రలో ఒకామె మానుకుంటే "నువ్వు రా మే" అని నన్ను పిలిచింది. నేను పనిచేసే అంగన్‌వాడీకి సెలవు పెట్టుకోవడం ఒక లెక్క కాదు. ఇంట్లో అడగడమే పని. మా ఆయన నతానియేలు బేల్దారి మేస్త్రీ. కట్టిన గోడ నిలువు చూసినట్టు నన్ను పైనుంచి కిందికి చూసి, "సముద్రమే గదా, చీరాల తీసకపోతాలే" అన్నాడు. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. చీరాల ఎక్కడికీ పోలేదు, మేమూ పోలేదు. మర్నాటి నుంచి పొత్తికడుపు పట్టుకున్నాను. యాత్ర మానుకుని మద్రాసు ఆస్పత్రికి తోడొస్తానని రాధిక చేత చెప్పించాను. అంతే, దారులన్నీ తెరుచుకున్నాయి. "నేను గూడ రావాలా? శుక్రారం స్లాబు ఉంది. రాధికమ్మ తోడు ఉంటదిగా" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఎన్నడూ లేనిది నా సంచి తానే మోసి బస్సు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. బస్సు కదిలాక రెండు మాటలు ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి. ఇట్లాంటి మనిషిని మోసం చేస్తున్నానే అని ఒకటి. నిజంగా రోగమే అయినా నాతో రాకుండా స్లాబుకే పోయేవాడు గదా అని ఒకటి.

అంతకుముందు ఆదివారం చర్చిలో జీవరత్నం అయ్యగారు ప్రార్థన మనవుల చీటీలు చదువుతూ, "నతానియేలు గారి భార్య గర్భసంచి కొరకు" అన్నారు. చీటీ రాసిచ్చింది మా ఆయనే. అందులో నా పేరు లేదు. సంఘమంతా కళ్లు మూసుకుని నా గర్భసంచి కోసం ప్రార్థన చేస్తుంటే కొంగు ముసుగు కింద నా చెవులు కాలిపోయాయి. బయటికి రాగానే సంఘంలో పెద్దామె మణెమ్మత్త చెయ్యి పట్టుకుంది. "తీపిచ్చుకోరాదంటే? ఇద్దరు పుట్టినారు, ఇంక దాంతో నీకేం పని?" ఆమెకు ముప్పై రెండేళ్లకే తీసేశారు. ఆనాటి నుంచి నడుం పట్టుకునే మిరపకాయ కోతకు పోతోంది. నా కోసం శుక్రవారం ఉపవాస ప్రార్థన అని అయ్యగారు చెప్పారు.

ఈరోజు శుక్రవారం.

దీవి అంచు వెంబడే పోతుంది ఈ కాలిబాట. ఒకపక్క అడవి, ఇంకోపక్క మొగలిపొదల కింద సముద్రం. చెట్ల వేర్లే మెట్లు. పెద్దారవీడు వైపు మా ఊళ్లో ట్యాంకరు వచ్చిందంటే బిందెలు ఎత్తుకుని పరుగెత్తేదాన్ని. ఇన్ని నీళ్లు ఎవరికీ అక్కరలేకుండా పడి ఉండటం చూస్తే ముందు కోపమే వచ్చింది. ఆ తర్వాత కళ్లు తిప్పుకోలేకపోయాను. మా పలకల గనుల గుంతల్లో వాననీళ్లు నిలిచినప్పుడు ఒక రంగు వస్తుంది, ఈ సముద్రం దాంట్లో ఎండ కలిపినట్టుంది. మలుపు మలుపుకీ బాగుందనుకోవడం, ఆ వెంటనే చర్చి చాప మీద మోకాళ్లూనిన ఆడవాళ్లు గుర్తుకు రావడం. వాళ్లలో సగం మంది కూలి మానుకుని వచ్చి ఉంటారు. తెలియకుండానే నా చెయ్యి పొత్తికడుపు మీదికి పోతోంది. అబద్ధం చెప్పిన చోటే దేవుడు నిజం పెడతాడేమోనని భయం.

రాధిక చూసింది. "ఏంది మే, ఈడ గూడ నటిస్తన్నావా? చూసేదానికి ఎవురున్నారు?"

"ఒకాయన ఉన్నాడులే" అన్నాను.

బాట ఎత్తుకెక్కిన చోట ఫోనుకు సిగ్నల్ వచ్చింది. వచ్చీ రాగానే మోగింది. అత్త సామ్రాజ్యం.

"మణీ, అయిందా అమ్మా స్కానింగు?"

"అయిందత్తా. కాగితం రావాల."

"ఏందా హోరు?"

కింద అల రాతికి కొట్టుకుంటోంది. "ఏసీ అత్తా. పాత మిషను."

రాధిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చర్చిలోనే ఉండాం అందరం. నేను గూడ పొద్దున్నుంచి ఏం ముట్టలా. నువ్వు కట్టిచ్చిన పొట్లం మాత్రం మరవకుండా ఏసుకున్నా."

"ఏం తినకుండానా?"

"ఉపాసం గదే. చేతులు రోంత వణుకుతన్నాయి. సాయంత్రం దాకా ఉంటాలే, నీకంటే ఎక్కువా?"

పోయినేడు ఇట్లాగే ఖాళీ కడుపున బిళ్ల వేసుకుని చర్చి మెట్ల మీద పడిపోతే నోట్లో చక్కెర పోసి లేపాం. ఈసారి పక్కన నేను లేను. బిళ్ల నేను కట్టిందే, ఉపవాసం నా అబద్ధానికే.

"అత్తా, ఇప్పుడే కాగితం చేతికిచ్చినారు. ఏం లేదంట. నువ్వు లేచి అన్నం తిను. ఇప్పుడే."

అటువైపు నుంచి ఏడుపు. "స్తోత్రం నాయనా, స్తోత్రం. అయ్యా, మా కోడలికేం లేదంట. మణీ, ఆదివారం నువ్వే నిలబడి సాక్ష్యం చెప్పాలంటన్నారు అయ్యగారు." సాయంత్రానికని తెచ్చుకున్న క్యారియరు మూత తీసిన చప్పుడు, మెతుకు నమిలే చప్పుడు వినేదాకా ఫోను పెట్టలేదు.

దేవుడు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం సాక్ష్యం. ఇంట్లో నేను అబద్ధాలు చెప్పనిదెప్పుడు? తిన్నాను, అలిసిపోలేదు, నొప్పి లేదు. అవన్నీ వాళ్ల కోసం చెప్పినవి, ఒక్కటీ పాపంలా అనిపించలేదు. నా కోసం చెప్పింది ఇదొక్కటే, మింగుడు పడటం లేదు.

బాట చివర బండల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాను. రాధిక పక్కన చేరింది. "ప్రార్థనతో బాగైందని చెప్పు, అయిపోతాది. అందరికీ సంతోషం."

"నా మాట నమ్మి, నిజంగా నొప్పున్న ఆడమనిషి ఎవురన్నా ఆస్పత్రి మానుకుంటే?"

రాధిక నా వైపు తిరిగింది. "నిజం చెప్తే మీ ఆయన ఊరుకుంటాడా మే?"

"ఊరుకోడు."

ఇంకో అల వచ్చి మోకాళ్ల దాకా తడిపింది. చీర తడిసిందని లేవలేదు. ఎదుట చాపల మీద మణెమ్మత్త, అత్త, ముందు వరసలో మా ఆయన కూర్చుని ఉన్నట్టు అనుకుని, హోరును మించి వినిపించేట్టు గట్టిగా అని చూసుకున్నాను:

"నా పేరు యేసుమణి. నాకు ఏ రోగమూ లేదు. సముద్రం చూడాలని అడిగితే పంపలా, రోగమంటే పంపించినారు."