కాలివేలికి కట్టిన ఉయ్యాల

నేను ఒక ఉయ్యాలను. అల్లాటప్పా ఉయ్యాలను కాను. చీరాల పక్కన నేతగాళ్ళ పేటలో అరవై ఏళ్ళలో ముప్పయి మంది పిల్లల్ని మోశాను. ఒక్క బిడ్డ కూడా నాలో ఏడ్చిన పాపాన పోలేదు.

నన్ను చేసిన వడ్రంగి నా అంచుల్ని ఎంత నున్నగా చిత్రిక పట్టాడంటే, వాలిన ఈగ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. నా సొంతిల్లు నేతపని చేసే సాంబయ్య వాళ్ళది. అయినా పేటలో పురుడొచ్చిన ఇంటికల్లా నన్ను అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. తిరిగి పంపేటప్పుడు ఖాళీగా పంపకూడదని గుప్పెడు బియ్యం పోసేవాళ్ళు. మనుషుల ఆచారాలు నాకు భలే నవ్వు తెప్పిస్తాయి. ఉయ్యాల ఖాళీగా పంపకూడదు, ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. ఊపే మనిషి అన్నం తిన్నదో లేదో మాత్రం ఏ ఆచారమూ అడగదు.

ఇంతకీ ఎవరూ ఏడవలేదంటే నమ్మేశారా! ముప్పయి మందీ గుక్కపట్టి ఏడ్చారు. మా బిడ్డ అసలు ఏడవడని చెప్పేవాళ్ళంతా నాలాంటి కోతలరాయుళ్ళే.

సాంబయ్యకు కొడుకు పుట్టాక నేను మళ్ళీ సొంతింటికి చేరాను. అతను మగ్గం మీద, అతని భార్య కోటేశ్వరి రాట్నం దగ్గర. మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి నా తాడును ఆమె కాలి బొటనవేలికి కట్టుకునేది. చేతులు నూలుకు, కాలు బిడ్డకు. బిడ్డకు మూడో నెల. ఆ మూడు నెలల్లో ఆమె వరుసగా రెండు గంటలు నిద్రపోగా నేను చూడలేదు.

ఒక మధ్యాహ్నం బిడ్డ కదిలితే సాంబయ్య ఎత్తుకుని వీధిలోకి తీసుకెళ్ళాడు. కోటేశ్వరికి తెలియదు. అప్పటికే కూర్చున్నది కూర్చున్నట్టే కునుకు పట్టింది. రాట్నం ఆగింది. కాలు ఆగలేదు. బిడ్డ లేని నన్ను ఊపుతూనే ఉంది.

అత్త త్రిపురమ్మ చూడనే చూసింది.

"ఓసి నీ నిద్ర తగలెయ్య! ఖాళీ ఉయ్యాల ఊపుతుండావేందే? పిల్లోడికి కడుపునొప్పొస్తే నువ్వు తీరుస్తావా?"

కోటేశ్వరి ఉలిక్కిపడి నాలోకి చూసింది. "అత్తా, బిడ్డేడీ?"

"వాళ్ళ నాయన దగ్గరుండాడులే. అమ్మవి నువ్వు, నీకు తెలవొద్దా?"

సాంబయ్య గుమ్మంలోంచే, "ఊరుకోమ్మా, అలిసిపోయింది" అన్నాడు.

"అలుపంట అలుపు! మేం కనలేదా, పెంచలేదా?"

సాయంత్రం బిడ్డ ఏడ్చాడు. రోజూ ఏడ్చే ఏడుపే. ఆ రోజు దానికో కారణం దొరికింది, అంతే. కోటేశ్వరి వాడి పొట్టకు ఆముదం రాసి, నా అంచుకు తల ఆనించి, "నేను తల్లిగా పనికిరాను" అనుకుంది. ఊరికే అన్న మాట కాదు, నమ్మేస్తోంది. నాకు నోరుంటే ఎంత బాగుండును!

ఎందుకంటే ముప్పయ్యేళ్ళ కిందట ఇదే రాట్నం దగ్గర, పసివాడైన సాంబయ్యను వాళ్ళ నానమ్మ ఎత్తుకెళ్తే, ఈ త్రిపురమ్మే కునికిపాట్లు పడుతూ ఖాళీగా ఉన్న నన్ను పూటంతా ఊపింది. ఆవిడ అదృష్టం, ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం త్రిపురమ్మ వచ్చి, కోడలి వేలికున్న తాడు విప్పి తన వేలికి కట్టుకుంది. "ఏడవమాకే. నేనూ ఊపాన్లే ఖాళీ ఉయ్యాల. నీ మొగుడు దుక్కలా పెరగలా? పో, పడుకో" అంది.

ఇక్కడితో ఆపితే మీకూ నాకూ హాయి. కానీ ఈ ఆఖరి ముక్క నేను కల్పించింది. త్రిపురమ్మ అప్పట్లో ఊపిన మాట నిజం. ఒప్పుకుందన్నదే అబద్ధం. కోడలి ఏడుపు విని గుమ్మం దాకా వచ్చింది, నోరు తెరిచింది, మూసుకుని వెళ్ళిపోయింది. కోటేశ్వరి తాడు బిగించుకుని మళ్ళీ రాట్నం తిప్పింది.

ఆవిడ చెప్పలేదు కాబట్టి, చెక్కముక్కను, నేను చెబుతున్నాను. పసిపిల్లల తల్లులూ, తండ్రులూ, వినండి. ఖాళీ ఉయ్యాల ఊపని తల్లి ఈ పేటలో నాకు ఒక్కతె కూడా తగల్లేదు. ఆ సంగతి ఇంకో తల్లికి చెప్పినదీ తగల్లేదు.