అంచు మీద మొదటి చుక్క

లేత నీలం చొక్కా జేబు కింద పడ్డ మరకను ఆమె మొదట కిటికీ వెలుగుకు పట్టి చూసింది. తరవాత ముక్కు దగ్గర పెట్టుకుంది. వెనక్కి తిప్పి గోటితో గీకింది. సిరా కాదు, తుప్పు. తడి తాళంచెవి జేబులో వేసుకుని మరిచిపోయాడెవరో. అది ఏ తలుపు తాళమో, ఎందుకు తడిసిందో అని కాసేపు ఆలోచించింది. అందుకు ఎవరూ జీతం ఇవ్వరు గానీ, ఆలోచించకుండా ఉండడం ఆమెకు చేతకాదు. చొక్కా కింది అంచు మడిచి, లోపలి కుట్టు మీద ఒక్క చుక్క మందు వేసి పక్కన పెట్టింది. రంగు పోతుందో లేదో ముందు కనబడని చోట చూసుకోవాలి. ఆ తరవాతే అసలు మరక జోలికి వెళ్ళాలి.

ఆ డ్రైక్లీనింగ్ షాపులో ఆమె పేరు మరకలమ్మ. వెక్కిరింపుగా పెట్టిన పేరే, వాడగా వాడగా మెత్తబడింది. పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే ఆయన మాత్రం అక్కా అంటాడు. నిజానికి ఆయనే పెద్ద. పనిలో చేరిన రోజున కుర్రాడిలా కనబడాలని అక్కా అని పిలిచాడు, ఆమె కూడా తగ్గకుండా తమ్ముడూ అంది. ఇద్దరి జుట్లూ నెరిశాయి గానీ వరస మారలేదు. ఈ రోజుతో ఆయన పని ఆఖరు. భుజం ఇక ఇస్త్రీపెట్టె మొయ్యనంటోంది. సాయంత్రం రైలుకి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు.

మరకలమ్మకు ఒక బ్లాగు ఉంది. ఏ మరక ఎలా పడింది, ఎలా వదిలింది, వదలనంటూ ఎంత సతాయించింది అని అందులో రాస్తుంది. చదివేది చెల్లెలి కూతురు, ఆపైన ముక్కూ మొహం తెలియని నలుగురైదుగురు. ఇస్త్రీ తమ్ముడు ఒక్కసారీ చదవలేదు. డబ్బు లేకుండా ఊరికే వచ్చిన ఆ బ్లాగు చిరునామా చాంతాడంత ఉంది, ఒక అక్షరం తప్పినా తెరుచుకోదు. నోటికి పట్టే పేరు పెడితే చదువుతానని ఆయన ఎన్నిసార్లో అన్నాడు.

పోయిన వారం ఆమె ఆయన గురించే రాసింది. అంటే ఆయన అడ్డుగుడ్డ గురించి. ఖరీదైన బట్టకు వేడి నేరుగా తగలకుండా పైన పరిచే పల్చటి గుడ్డ అది. మొదటి రోజే కంగారులో దాన్ని మాడ్చాడు. ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. ఆమె తన విద్యలన్నీ చూపించినా మచ్చ కదల్లేదు. అది బట్ట మీద పడ్డది కాదు, బట్టే మారిపోయింది, ఇక ఏ మందూ పనిచెయ్యదు అని రాసింది. ఆ కిందనే, పక్క బల్ల దగ్గర ఈ మనిషి ఉన్నాడు కాబట్టే ఇన్నేళ్లూ పొద్దున లేచి సంతోషంగా పనికొచ్చానని కూడా రాసింది. నోటితో చెప్పమంటే చచ్చినా చెప్పలేదు. కానీ ఆయన తన ఎదుట నిలబడి ఆ మాట చదువుతుంటే, ఆ మొహం ఎలా మారుతుందో చూడాలని ఆమెకు మహా కోరికగా ఉంది. అందుకే బ్లాగుకు సొంత పేరు కొనుక్కుని, ఆయనకూ చెప్పింది. మరకలమ్మ డాట్ కామ్.

ఈ రోజు పొద్దున్నే, షాపు తెరవగానే, కౌంటర్లో ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫోనులో చెల్లెలి కూతురు చెబుతూ పోయింది. పేరు ఒకచోట ఉంటుంది, రాతలు ఇంకోచోట ఉంటాయి, ఒకదానికి ఇంకొకటి ఎక్కడుందో రెండు చోట్లా చెప్పాలి. పేరుకు ముందు ఒక చిన్న గడి ఉంది. అందులో మామూలుగా మూడు డబ్ల్యూలు పెడతారట. ఇంకేదైనా పెట్టొచ్చా అని అడిగితే, నీ ఇష్టం పెద్దమ్మా, ఏది పెడితే దానితోనే తెరుచుకుంటుంది అని చెప్పి ఆ పిల్ల కాలేజీకి పరుగెత్తింది. మరకలమ్మ చెయ్యి అలవాటు ప్రకారం నడిచింది. ముందు కనబడని చోట. గడిలో 'అంచు' అని కొట్టింది, రెండో చోటా అదే కొట్టింది. బాగుంటే అసలు చోట వేద్దాం అనుకుంది. ఇంతలో ఒకావిడ కోటు పట్టుకుని లోపలికొచ్చి, ఏదో పడిందండీ అంది. ఏం పడిందో చూస్తేగానీ మరకలమ్మకు కాలు నిలవదు.

ఆ తరవాత పనిలో పడి, సందు దొరికినప్పుడల్లా ఫోనులో తన పేరు కొట్టి చూసుకుంది. పేజీ లేదు. మధ్యాహ్నం చెల్లెలి కూతురికి ఫోను చేసింది. కొత్త పేరు అన్ని చోట్లా తెలియాలంటే టైం పడుతుందని ఆ పిల్ల అంది. మరకలమ్మకు ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చింది. ముందు ఎవరికి తెలుస్తుంది? పక్కింటివాళ్ళకా? మధ్యలో సముద్రం ఉంటే ఎలా? ఒక మిషను ఇంకో మిషన్ని అడుగుతుందట. తెలియదని ఒకసారి జవాబొస్తే కాసేపు ఆ జవాబే పట్టుకుని కూర్చుంటుందట. అయితే అచ్చం మా ఓనరే అని ఆమె నవ్వుకుంది.

"ఊరేగుతోందా అక్కా నీ పేరు?" అన్నాడు ఇస్త్రీ తమ్ముడు, ఆవిరి మధ్యలోంచి.

"ఏ సందులో తిరుగుతోందో మరి," అంది.

ఆయన ఆఖరుగా ఇస్త్రీ చేసింది పొద్దున వచ్చిన ఆ కోటునే. అడ్డుగుడ్డ తడిపి పిండి, మెడ పట్టీ మీద పరిచి, నొప్పి లేని చేత్తో ఇస్త్రీపెట్టె ఎత్తి ఆనించాడు. కోటు హేంగరుకు తగిలించి, నాలుగడుగులు వెనక్కి జరిగి, ఎవరో తొడుక్కుని నిలబడితే చూసినట్టు చూశాడు. తరవాత అడ్డుగుడ్డను బల్ల మీద పరిచి, ప్లగ్గు పీకి చేతులు కడుక్కున్నాడు. తలుపు దగ్గర ఆగి కళ్ళజోడు పెట్టుకుని, తన ఫోనులో ఒక్కో అక్షరమే పొడుస్తూ మరకలమ్మ అని కొట్టాడు. ఆమె ఆయన మొహంకేసి చూస్తూ నిలబడింది. మొహంలో ఏమీ మారలేదు.

"రాలేదక్కా. పోనీలే, అక్కడికెళ్ళి చూస్తాను."

ఆమెకు ఏడుపొచ్చింది. రైలుకి టైమవుతోంది, వెళ్ళు అంది. ఆయన సంచీ మంచి భుజానికి వేసుకుని, మూల తిరిగేదాకా రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

షాపు మూసే వేళకు చెల్లెలి కూతురు ఫోను చేసింది. తప్పెక్కడుందో అని అంతా వెతికిందట. "పెద్దమ్మా, మధ్యాహ్నం నుంచీ పనిచేస్తూనే ఉంది. ముందు అంచు అని ఎందుకు పెట్టావు?"

మరకలమ్మ స్టూలు మీద కూలబడింది. రోజంతా సింహద్వారం తడుతూ కూర్చుంది, తెరిచిన తలుపేమో దొడ్డివైపు ఉంది. తన తలకాయను నాలుగు తిట్లు తిట్టుకుని, వెంటనే ఆయనకు ఫోను చేసి, పేరుకు ముందు అంచు అని పెట్టి చుక్క పెట్టమంది. అవతల రైలు చప్పుడు వినబడుతోంది. ఆయన చదువుతున్నాడని తెలిసింది. మొహం కనబడదు కాబట్టి రైలు చప్పుడునే చెవులు రిక్కించి విన్నది. చదవడం అయ్యాక ఆయన మొదట అడిగింది ఇదే.

"అంచున పెట్టావేంటక్కా?"

"ముందు అక్కడే కదా వేసి చూస్తాం."

"మరి రంగు పోయిందా?"

"లేదు తమ్ముడూ," అంది. "పోలేదు."

పేరు సరిచెయ్యనా అని పిల్ల మళ్ళీ ఫోను చేస్తే, ఉండనీ అంది. దీపాలార్పబోతూ పక్క బల్లకేసి చూసింది. అడ్డుగుడ్డ ఆయన పరిచినట్టే ఉంది, మధ్యలో గోధుమరంగు మచ్చ, ఒక అంచు ఇంకా ఆరలేదు.