పెద్ద బ్రేకరు తాళంచెవి

ఈ ఎల్పిడియో మెడ వెనక ఆ మడత చూస్తేనే ఒళ్ళు మండుకొస్తుంది, చెమటంతా అందులో చేరి జిడ్డుగా మెరుస్తుంటుంది, మంట తగలని ఆ లావుపాటి సూటు తొడుక్కుంటే మరీ పీపాలా ఉన్నాడు, ఈ పీపా వెనక కాపలా నిలబడాల్సింది లిగాయాయేనట, షిఫ్టులో ఇంకెవరూ లేరట, మేనేజరు ఆ మాట చెప్పి ఏసీ గదిలోకి పోయాడు, కోల్డు స్టోరేజీ నిండా తూనా చేపలున్నాయి, కరెంటు ఆపేది లేదు, కంప్రెసరు బ్రేకరుని కరెంటుండగానే బయటికి లాగెయ్యండి అన్నాడు, ఆయన సొమ్మేం పోయింది, లాగేది ఆయనా ఏంటి, లాగేది ఎల్పిడియో, ఆ ఎల్పిడియో ముసుగు తగిలించుకోబోతూ వెనక్కి తిరిగి, తాళంచెవి తిప్పావా అమ్మాయ్ అన్నాడు, అమ్మాయట, ఎవడికి అమ్మాయి, లిగాయా కనుబొమలు పైకెత్తింది, ఈ జెన్‌సాన్ ఊళ్ళో అది చాలు, అవునన్నట్టే, తిప్పుతుంది, తిప్పక చస్తుందా, పెద్ద బ్రేకరుకి ఉన్న ఆ తాళంచెవి చేతి పక్కనే ఉంది, వీడికి అవునని చెప్పడానికి మాత్రం నోట్లోంచి ఒక్క అక్షరం ఖర్చుపెట్టదు, తమ్ముడు రొమెల్ కాలిన రోజు నుంచీ పెట్టలేదు, ఎల్పిడియో ముసుగు వేసుకుని ప్యానెళ్ళ వరుస చివరికి నడిచాడు, ఆ నడక చూడు, పెళ్ళికొడుకు నడక.

ఈ నడకతోనే ఒకప్పుడు ఈ గదిలో అటూ ఇటూ తిరుగుతూ పాఠాలు చెప్పేవాడు, అప్పట్లో అన్నా అన్నా అంటూ వెంట తిరిగేది, సిగ్గులేక, చూడమ్మాయ్, పెద్ద బ్రేకరు నెత్తిన ఈ చిన్న పెట్టె ఉందే, దీనికి నాలుగు బుద్ధులు, మొదటిది అత్తగారి బుద్ధి, లోడు కొంచెం ఎక్కువైతే అప్పటికప్పుడు ఏమీ అనదు, లోపల్లోపల వేడి లెక్కేసుకుంటూ ఉండి ఒకనాడు పెట్టేబేడా బయటికి గిరాటేస్తుంది, రెండోది ఇంటిపెద్ద బుద్ధి, కింద ఎక్కడో షార్టయితే కింది బ్రేకరే సర్దుకుంటుందేమోనని కాస్త ఓర్చుకుంటుంది, మూడోది మా ఆవిడ బుద్ధి, షార్టు మరీ పెద్దదైతే చెంపదెబ్బ ముందు, మాట తర్వాత, నాలుగోది షావుకారు బుద్ధి, పోయిన కరెంటంతా తిరిగొచ్చిందా, నేలలోకి ఏమన్నా కారుతోందా అని చూసుకుంటూ కూర్చుంటుంది, అనేవాడు, తను పడీపడీ నవ్వేది, రొమెల్ ఇంకా నవ్వేవాడు, ఇంకోటి వినమ్మాయ్, వేడెక్కి ఒకసారి కరెంటు కొట్టేశాక మళ్ళీ వేశావనుకో, ఆ పాత వేడి ఇది ఓ పట్టాన మరిచిపోదు, ఈసారి త్వరగా కొట్టేస్తుంది, ఆ ఒక్క గుణం మాత్రం లిగాయాకి బాగా పట్టుబడింది, గురువు పుణ్యం.

గురువట, గురువు, ఇంటిపెద్ద ఓర్పు అన్నిసార్లూ మంచిది కాదర్రా అని చెప్పింది ఎవడు, బ్రేకరు లాగేటప్పుడు నిప్పు లేచిందంటే పెద్దాయన ఓర్చుకునే ఆ రెప్పపాటులో ముందు నిలబడ్డవాడు మాడిపోతాడు, అందుకే ఈ తాళంచెవి, తిప్పితే అడ్డంగా పడుకుంటుంది, ఓర్పు బంద్, నిప్పు లేచీ లేవకముందే కొట్టేస్తుంది, ముసుగులో ఉన్నవాడికి ఇది కనపడదు, బయట నిలబడ్డవాడిదే పూచీ, అని చెప్పిన ఆ నోరే, ఆ మనిషే, రొమెల్ ముసుగేసుకుని బ్రేకరు లాగుతుంటే ఇక్కడ, సరిగ్గా ఇక్కడే, గుడ్లప్పగించి నిలబడి తిప్పలేదు.

మరిచిపోయాను అన్నాడు, ఆసుపత్రి వరండాలో, తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని, అదొక్కటే మాట, గొడుగు మరిచిపోతారు, కూరలో ఉప్పు మరిచిపోతారు, ఎదురుగా నిలువెత్తు మనిషిని పెట్టుకుని, చేతి పక్కన తాళంచెవి పెట్టుకుని ఎవడైనా మరిచిపోతాడా, పచ్చి అబద్ధం, రొమెల్‌ని ఫోర్‌మన్ చేస్తారని అప్పటికే వాడి చెవిన పడింది, అది చాలదా, క్యాంటీనులో అందరి ముందూ అరిచింది లిగాయా, వీడు కావాలనే తిప్పలేదు, వీడి కడుపుమంటే నా తమ్ముణ్ణి కాల్చింది అని, వాడు తల దించుకున్నాడే తప్ప కాదని గట్టిగా అననైనా అనలేదు, నిజంగా మరుపే అయితే అనడా, రొమెల్ మాత్రం, కట్లలోంచి కళ్ళొక్కటే కనపడుతున్న రొమెల్, పోనీలే అక్కా, మనిషన్నాక మరుపుండదా అన్నాడు, వాడి మంచితనం తగలెయ్య, వాడి వేళ్ళు ఇప్పటికీ వంగవు, చొక్కా గుండీలు లిగాయాయే పెట్టాలి, మళ్ళీ ఆ మహానుభావుడు ఆదివారం ఆదివారం కాల్చిన తూనా దవడ ఆకులో చుట్టుకుని గుమ్మంలోకి వస్తాడు, ఏరా రొమెల్, ఇవాళ దవడ చూడరా, మన మేనేజరు ముఖమంత ఉంది అంటూ, ముళ్ళు ఏరి తమ్ముడి నోట్లో ముద్దలు పెడతాడు, ఇద్దరూ కొబ్బరి కల్లు తాగి వెర్రి నవ్వులు నవ్వుతారు, కాల్చినవాడూ కాలినవాడూ, చూడలేక లిగాయా పెరట్లోకి పోయి అంట్లు ధనధనా తోముతుంది, ఒక్కసారి వీడికీ తగలాలి ఆ వేడి, ఒక్కసారి, ఛ, అలా అనుకోకూడదు, ఎందుకనుకోకూడదు, అనుకుంటే పోయేదేముంది.

ఖణేల్‌మంది, బ్రేకరు పట్టాల మీదికి వచ్చేసింది, ఎల్పిడియో ముసుగు పీకేసి వచ్చాడు, ముఖం ఉడికిన రొయ్యలా ఉంది, అబ్బ, లోపల ఎక్కడో చిటపటమంది అమ్మాయ్, నా పని అయిపోయిందనుకున్నా, వదిలేసి పారిపోదామనుకున్నా, వెనక నువ్వు తిప్పి ఉంచావు కదా అన్న ధైర్యంతో లాగేశాను, ఇక మామూలుకి పెట్టెయ్ అన్నాడు, లిగాయా చెయ్యి తాళంచెవి మీదికి పోయింది, తిప్పబోయింది, తిరగలేదు, తిరగడానికేముంది, అది మామూలులోనే ఉంది, నిటారుగా, పొద్దున ఎలా ఉందో అలా, తిప్పితే పక్కన దీపం వెలిగి చెప్పాలి, ఆ దీపం ఎప్పుడో మాడిపోయింది, ఎవరూ మార్చలేదు, తిప్పుతాననుకుంది, అవునని కనుబొమలతో చెప్పేసింది, చెప్పేశాక తిప్పేసినట్టే అయిపోయింది, ఆ తర్వాత వాడి నడక, పాఠాలు, వరండా, తూనా దవడ, వీటిల్లో పడి తిప్పనేలేదు, కావాలని కాదు, తమ్ముడి మీద ఒట్టు, కావాలని కాదు, ఎవరు నమ్ముతారు, వీడంటే తనకి పడదని ఈ ఫ్యాక్టరీలో చేపలు కోసేవాళ్ళ దగ్గర్నుంచి గేటు దగ్గర కుక్క దాకా తెలుసు, ఊరికే ఒకసారి అటూ ఇటూ తిప్పి చప్పుడు చేస్తే చాలు, ఎవరికీ తెలియదు, చెయ్యి అందుకు సిద్ధంగానే ఉంది, నోరే ఆగలేదు.

తిప్పలేదు, మరిచిపోయాను, అంది, ఇన్నేళ్ళకి ఎల్పిడియోతో అన్న మొదటి మాట, తన చెవికే పచ్చి అబద్ధంలా వినపడింది, వాడి ముఖంలో ఎరుపంతా దిగిపోయింది, తాళంచెవి వంక చూశాడు, తను లాగి వచ్చిన ప్యానెల్ వంక చూశాడు, సూటులోనే నేల మీద చతికిలబడ్డాడు, తిట్టు నన్ను, లేచి క్యాంటీనుకి పోయి అందరి ముందూ అరిచి, కావాలనే చేసిందని చెప్పు, నువ్వు అరిస్తే నేనూ అరుస్తాను, పాత లెక్కలన్నీ మళ్ళీ తీస్తాను, అరవవేం, ఎల్పిడియో అరవలేదు, తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు, చూసి మెల్లగా కనుబొమలు పైకెత్తాడు, నమ్మానన్నట్టు, తెలుసునన్నట్టు, ఏం తెలుసు నీకు, ఎలా నమ్ముతావు, నేనైతే నమ్మను, నేను నమ్మలేదు, నమ్మలేదు, ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఈ మనిషి చెప్పింది నిజం.