వెనక కుడివైపు తలుపు

మా మామగారు పోయాక రెండో వర్షాకాలంలో మా ఆడపడుచు రొదోరా ఆయన కారు అడిగింది. మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గర ఉన్నాం. ఎండు తవిలిస్ చేప తల తుంచుతూ, ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా అడిగింది.

"అమ్మా, నాన్న కారు నాకిచ్చెయ్. రేసు కారు చేసుకుంటా."

మా అత్తగారు లెయొనోరా తలెత్తలేదు. నోట్లో ముద్ద మింగి, "అది కదిలి ఎన్నేళ్లయిందో నీకు తెలుసా?" అంది.

"నేను కదిలిస్తా."

మా ఆయన ఎఫ్రెన్‌కు నవ్వాగలేదు. "అది కారా? కోళ్లగూడు! దాన్ని పట్టుకుని రేసుకెళ్తే నత్తలు కూడా హారన్ కొట్టి పక్కకు జరగమంటాయి."

"ఏం ఫర్వాలేదన్నా, వెనకనుంచి తోయడానికి నువ్వున్నావుగా," అంది రొదోరా.

దానికి చేతగాని పని కాదు. జనాన్ని ఊళ్లకు తిప్పే జీప్నీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేసేది. మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలే. ఆదివారం వచ్చిందంటే రొసారియో ట్రాక్ దగ్గర పరాయివాళ్ల కార్లకు చక్రాలు విప్పుతూ, బిగిస్తూ, వాళ్లు రెండో మూడో రౌండ్లు తిప్పనిస్తే అదే పండగనుకుని ఇంటికొచ్చేది. మూలపడ్డ పాత సెడాన్లను ఇళ్లలో సొంతంగా మార్చుకుని తెచ్చేవాళ్లకు అక్కడ వేరే పోటీ ఉండేది. దాని కన్ను ఆ పోటీమీదే.

అత్తగారు పళ్లెం తీసుకుని లేచింది. గుమ్మం దాటబోతూ, "తీసుకో. ఆ వెనక కుడివైపు తలుపు జోలికి మాత్రం పోకు," అంది.

ఆ తలుపు కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ ఎత్తం.

మా మామగారి పేరు ఎలెవుతెరియో. ఊరంతా తెర్యో అనేది. ఆ తెల్ల కారులో పెళ్లికూతుళ్లను చర్చికి, పురుటి నొప్పుల వాళ్లను ఆసుపత్రికి తిప్పి మమ్మల్ని పోషించాడు. తాల్ అగ్నిపర్వతం పేలిన ఆదివారం, సరస్సు ఒడ్డు పల్లెలోంచి జనాన్ని ఎక్కించుకుని పై ఊరి చర్చిలో దింపుతూ పొద్దంతా తిరిగాడు. పైనుంచి కురుస్తున్నది వాన కాదు, బూడిద బురద. వైపర్లు దాన్ని తుడవలేక అద్దాన్ని గీకేశాయి. పల్లె చివర చిన్న ప్రార్థనామందిరం మలుపు దగ్గర, కారు అప్పటికే కిక్కిరిసి ఉండగా, లోలా సియోన్ కనబడింది. ఎవరూ లేని ముసలమ్మ. పల్లె పిల్లలందరికీ ఆమే అమ్మమ్మ, అందుకే లోలా అనేవాళ్లం. చంకలో పెట్టకోడి ఉంది.

"లోలా, ఇక్కడే నిలబడు. కదలకు. వీళ్లను దింపేసి ఇప్పుడే వస్తా," అన్నాడట మామగారు.

వెళ్లాడు కూడా. వెళ్లలేదని ఆయన్ను ఎవరూ అనలేరు. తిరిగి వెళ్లేసరికి పట్టపగలే చీకటి. మలుపు దగ్గర ఆమె లేదు. వెనక కుడి తలుపు తెరిచిపెట్టి హారన్ కొట్టాడు, గొంతు పోయేదాకా పిలిచాడు. చివరికి సైనికులు వచ్చి బలవంతంగా వెనక్కి పంపారు. లోలా సియోన్ తర్వాత కూడా దొరకలేదు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

ఆ తర్వాత ఆయన ఆ కారులో ఎవర్నీ ఎక్కించుకోలేదు. రేకుల పందిరి కింద నిలిపి, సాయంత్రాలు స్టీరింగ్ ముందు కూర్చునేవాడు. వెనక కుడి తలుపు బార్లా తెరిచి ఉండేది. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాక కూడా, "తలుపు తెరిచే ఉందా?" అని అడిగేవాడు. ఉందని చెప్పేవాళ్లం.

రొదోరా పని మొదలుపెట్టింది. ముందు సీట్లు, తివాచీ, పైకప్పు గుడ్డ అన్నీ పీకేసింది. బరువు తగ్గితే గానీ పరుగు రాదట. తివాచీ కింద అంతా బూడిద. అది సరే, అనుకున్నదే. నీళ్లు కొట్టి కడిగింది. మర్నాడు పొద్దున నేను కాఫీ పట్టుకెళ్లేసరికి, బోసి రేకు మీద, వెనక కుడివైపు, గుప్పెడు బూడిద కుప్పగా పడి ఉంది.

"గొట్టాల్లో, పట్టీల సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. ఎండకు ఆరి రాలుతోంది," అన్నాడు ఎఫ్రెన్.

రోజూ కడిగేది. రోజూ రాలేది. ఎప్పుడూ అక్కడే.

మూసిన తలుపు కూడా మధ్యాహ్నం ఎండ పందిరి దాటే వేళకు తెరుచుకుని ఉండేది. ఎఫ్రెన్ కొత్త గొళ్లెం తెచ్చి వేశాడు. మర్నాడూ తెరుచుకుంది. అతను తల గోక్కుని, "మీ ఆడవాళ్లు ఎవరో తీస్తున్నారు," అన్నాడు. గొంతులో మాత్రం ఆ ధీమా లేదు.

పీకేసిన వెనక సీటును వసారాలో పడేశాం. బాగానే ఉంది, బెంచీలా పనికొస్తుందనుకున్నాను. ఒకనాడు మధ్యాహ్నం ఎడమ కొసన కూర్చుని వేరుశనగలు ఒలుస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. నా పక్కన స్పాంజి మెల్లగా కిందికి దిగింది. ఎవరో బరువుగా కూలబడినట్టు కాదు. మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ చెయ్యి ఆనించి, ఒరిగి, ఉస్సురని కూర్చున్నట్టు. నేను అటు తిరిగి చూడలేదు. చేట అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వింటూ నిలబడ్డాను.

రొదోరాకు చెప్తే నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.

"నువ్వు కూడానా వదినా," అంది అంతే.

వర్షాలు తగ్గేసరికి లోపల ఇనుప గొట్టాల పంజరం లేచింది. కారు పల్టీ కొట్టినా మనిషి నలిగిపోకుండా ఉండటానికి. ఒక్క డ్రైవర్ సీటు, దానికి భుజాల మీదుగా బిగించే బెల్టులు. ఇంజను విప్పి కట్టింది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఆ చప్పుడుకు పక్కింటివాళ్ల బాతులు గోడ దూకాయి. ఇక మిగిలింది వెనక తలుపులే. పోటీ నియమం ప్రకారం రెండూ తెరుచుకోకుండా వెల్డింగ్ చేసెయ్యాలి. ఎడమది చేసేసింది. కుడిదానికి వచ్చేసరికి అత్తగారు వచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"ముందే చెప్పాను నీకు."

"అమ్మా, తలుపు ఊగుతుంటే ట్రాక్ మీదికి రానివ్వరు."

"రానివ్వకపోతే మానెయ్."

"లోపల సీటే లేదమ్మా! ఎవరెక్కుతారు? ఎక్కి ఎక్కడ కూర్చుంటారు?"

"మీ నాన్న ఆమెను ఉండమన్నాడు. ఉంది. ఎక్కడ ఉందో ఏమో, ఉండమన్నచోటే ఉంది. నువ్వు ఇది మూసేస్తే ఇంకెవరొస్తారే ఆవిడ కోసం?"

రొదోరా చేతిలోని వెల్డింగ్ ముసుగు నేలకేసి కొట్టింది. "నేనేం చెయ్యాలి మరి? ఆయన లాగా రోజూ తలుపు తెరిచి కూర్చోనా? నాకూ ఛాతీ పట్టేసేదాకా కూర్చోనా?"

ఇద్దరూ ఏడవలేదు. అది చూసే నాకు భయం వేసింది. రొదోరా ముసుగు తీసుకుని, దులిపి, "సరే. మూసే ముందు ఒకసారి తీసుకెళ్దాం. ఆయన వెళ్లిన చోటికే," అంది.

ఆదివారం పొద్దున బయల్దేరాం. ఎవరైనా చూస్తే నవ్వి చచ్చేవాళ్లు. అద్దాల్లేని బోసి కారు. డ్రైవర్ సీట్లో రొదోరా. పక్కన బియ్యం గోనె మడతేసుకుని కింద కూర్చున్న అత్తగారు, చర్చికి కప్పుకునే నల్ల లేసు గుడ్డ తలమీద. వెనక ఎడమవైపు రేకు మీద నేను, పంజరం గొట్టం రెండు చేతులా పట్టుకుని. నా పక్క ఖాళీ. వెనకాల మోటారుసైకిల్ మీద ఎఫ్రెన్.

"గుంటలు చూసి పోనీవే, నడుం విరిగేట్టుంది," అంది అత్తగారు.

"రేసు కారమ్మా ఇది, ఊయల కాదు."

సరస్సు ఒడ్డు పల్లెలో ఇప్పుడు ఎవరూ ఉండటానికి లేదు. కాపలా మనిషి అత్తగారిని గుర్తుపట్టి, ఏమీ అడగకుండా తాడు దించాడు. మలుపు దగ్గర ప్రార్థనామందిరం సగం పూడిపోయి ఉంది. కిటికీల్లోంచి రెల్లుగడ్డి బయటికి వచ్చింది. రొదోరా ఇంజను ఆపింది. దిగి, చుట్టూ తిరిగి వచ్చి వెనక కుడి తలుపు తెరిచింది. తర్వాత ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడింది.

గాలి లేదు. గడ్డి కదల్లేదు. ఎఫ్రెన్ దూరంగా మోటారుసైకిల్ ఆపుకుని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"లోలా," అంది రొదోరా. గొంతు సవరించుకుని, "లోలా సియోన్. తెర్యో కూతుర్ని. నాన్న రాలేడు. నేనొచ్చాను," అంది.

ఎంతసేపు ఉన్నామో నేను చెప్పలేను. ముందు వాసన తెలిసింది నాకు, తడిసిన కోడి ఈకల వాసన. తర్వాత కారు నా కింద కుడివైపుకి కొద్దిగా వాలింది. స్ప్రింగు కిర్రుమంది. నా పక్కన రేకు మీద ఎవరో కాళ్లు ముడుచుకుని సర్దుకున్న చప్పుడు. నేను గొట్టాన్ని వదల్లేదు. పక్కకు చూస్తే ఏమీ కనబడదని తెలుసు, అయినా చూడలేదు. రొదోరా నా మొహం చూసింది. తలుపు మెల్లగా, పడుకున్న మనిషి లేస్తుందేమోనన్నంత మెల్లగా మూసింది.

పై ఊరి దాకా ఒక్క గుంటలోనూ కారు ఎగరలేదు. రేసు కారని ఇంకెవరూ అనలేదు.

చర్చి ముందు అత్తగారే దిగి తలుపు తీసింది. తీసి, చెయ్యి చాపి, మామూలు గొంతుతో, "నెమ్మదిగా లోలా. మెట్టుంది," అంది. కారు లేచింది. నా పక్కన మళ్లీ బోసి రేకు.

లోపల ఫాదర్ బల్ల దగ్గర కూర్చుని, ఆ వారం ప్రార్థనల్లో చదవాల్సిన పేర్లు అడుగుతున్నాడు. అత్తగారు సియోన్ పూర్తి పేరు అసున్సియోన్ అని చెప్పింది.

"ఎందులో చదవమంటారు? కనబడనివాళ్లలోనా, పోయినవాళ్లలోనా?" అన్నాడు ఆయన.

అన్నేళ్లూ ఎవరూ ఆమెను పోయినవాళ్లలో చదివించలేదని నాకప్పుడే తట్టింది. చదివించే నాథుడు లేడు. కనబడనిదిగానే ఉండిపోయింది. అత్తగారు రొదోరా వైపు చూసింది. రొదోరా నేల చూస్తోంది.

"పోయినవాళ్లలో," అంది అత్తగారు. "ఆవిడ పక్కన మా ఆయన పేరు కూడా చదవండి."

తలుపు మర్నాడు వెల్డింగ్ అయింది. మొదటిసారే అతుక్కుంది. బూడిద రాలడం ఆగింది. వసారాలో సీటు ఉత్త సీటైంది, ఎఫ్రెన్ దానిమీద గురకపెట్టి నిద్రపోయేవాడు. కారుకు పసుపు రంగు వేశాం. రేసు నాటికి ఇంట్లో అందరం తేలికపడ్డాం. మామగారు పోయాక అత్తగారు పాట తియ్యడం అప్పుడే విన్నాను.

రొసారియోలో పాత సెడాన్లు వరసగా నిలబడ్డాయి. ఒక దానికి తలుపు రంగు వేరు, ఒక దానికి బంపరే లేదు. మా పసుపు కారు వాటిలో పెళ్లికూతురిలా ఉంది. జెండా ఊపారు. రొదోరా దూసుకెళ్లింది. నిజంగా దూసుకెళ్లింది. మొదటి రౌండులోనే నాలుగు కార్లను దాటింది. ఎఫ్రెన్ కంచె ఎక్కి, "అది మా చెల్లెలు! మా కోళ్లగూడు!" అని అరిచాడు.

అప్పుడు, ట్రాక్ చివర చెట్లవైపు తిరిగే మలుపు దగ్గర, రొదోరా వేగం తగ్గించింది. అందరూ తగ్గించే చోటే, కానీ అంత కాదు. కారు దాదాపు ఆగి, మళ్లీ అందుకుంది. ఇద్దరు దాటేశారు. తర్వాతి రౌండులో సరిచేసుకుంటుందనుకున్నాం. అక్కడే మళ్లీ తగ్గింది. ప్రతి రౌండూ అంతే. తిన్నని దారిలో ఎంతమందిని దాటితే ఆ మలుపులో అంతమందికి దారి ఇచ్చింది. చివరికి ఎక్కడో వెనక చేరింది.

హెల్మెట్ తీసేసరికి జుట్టంతా చెమట. ఎఫ్రెన్ ఆవేశంగా వెళ్లాడు. "బ్రేకు పట్టేస్తోందా? నేను ముందే అన్నా కదా, ఆ డిస్కు..."

"బ్రేకు బాగానే ఉందన్నా."

"మరి అక్కడెందుకు ఆపుతున్నావే! ఏముందక్కడ?"

రొదోరా నీళ్ల సీసా ఎత్తి సగం తాగింది. "ఏమీ లేదు. కంచె ఉంది, టైర్లు పేర్చి ఉన్నాయి. నాకు తెలుసు. కానీ అక్కడికొచ్చేసరికి ఎవరో నిలబడి ఉన్నట్టుంటుంది. నా కారు ఆగుతుందేమోనని చూస్తున్నట్టు."

"లోలానా?" అన్నాను నేను, గొంతు తగ్గించి.

"కాదు వదినా. లోలా కాదు." తల అడ్డంగా ఊపింది. "ఎవరో తెలీదు. ఒక్కోసారి ఒక్కొక్కరు."

అత్తగారు వింటూనే ఉంది. దగ్గరికెళ్లి పైట అంచుతో తుడిచినట్టు, పొద్దున చర్చికి కప్పుకుని తలమీదే ఉంచుకున్న లేసు తీసి కూతురి మెడ మీద చెమట తుడిచింది.

ఇప్పటికీ వెళ్తూనే ఉంది. ఇంజను ఇంకా బాగుచేసింది, కారు ఇంకా తేలికైంది. ఆ మలుపు మాత్రం మారలేదు. పోటీదార్లందరికీ తెలిసిపోయింది, పసుపు కారును దాటాలంటే చెట్ల దగ్గర దాటాలని. కొత్తగా వచ్చిన ఒకామె, మంచి మనసుతోనే, మొన్న ట్రాక్ షెడ్డు దగ్గర చెప్పింది.

"అక్కా, ఆ ఒక్క చోట కళ్లు మూసుకుని తొక్కెయ్యి. గెలుపు నీదే. అక్కడ ఎవరూ లేరు."

రొదోరా చక్రం బోల్టులు బిగిస్తోంది. బిగించడం ఆపకుండానే, "లేరనే అనుకుంటా. కానీ చూడకుండా వెళ్లడం నావల్ల కాదు," అంది.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను ఆమెకు వేడి లోమీ నూడుల్స్ గిన్నె ఒకటి అందించి, చల్లారకముందే తినమన్నాను.