ఇంజను పక్కన పాలకూర

తెల్లవారుజామున టోకు మార్కెట్ గేటు దగ్గర సిటీ బస్సు ఆగినప్పుడు ఎక్కే జనాన్ని చూడండి. చేతిసంచీ ఉన్నవాళ్ళు తోసుకుని ఎక్కేస్తారు. మూట ఉన్నవాళ్ళు ముందు కండక్టరు ముఖం చూస్తారు.

అలా చూసేవాళ్ళలో ఆకుకూరలామె ఒకతె. ఒక ఆసుపత్రి క్యాంటీనుకు రోజూ పాలకూర ఇచ్చే బేరం ఆమెకు ఈమధ్యే కుదిరింది. వంట మొదలయ్యేలోగా ఆకు అందాలి, తాజాగా ఉండాలి. ఈ బేరం నిలబడితే ఎండలో వీధులు తిరగక్కర్లేదని ఆమె ఆశ.

సామాన్ల ఆటో ఉంది. కానీ అందులో పెద్ద వ్యాపారుల బస్తాలే ముందు దిగాలి. "నీది చిన్న మూట కదక్కా, చివర్లో దింపుతా" అంటాడు డ్రైవరు. అలా ఆలస్యమై ఇప్పటికే వంటమేస్త్రి చేత మాట పడింది. మనుషుల ఆటో ఎక్కితే లాభం దారిలోనే అయిపోతుంది. ఇక మిగిలింది బస్సు. నిన్న మూటలోంచి నీళ్ళు కారి ఎవరి ప్యాంటో తడిసిందని అందులోంచి నడిదారిలో దింపేశారు.

అందుకే ఈరోజు, మనసొప్పకపోయినా, ఆకు మీద నీళ్ళు చల్లలేదు. పొడి గోనెలో బిగించి కట్టింది. కండక్టరు మూట కింద చెయ్యి పెట్టి చూసి మెత్తబడ్డాడు. దారికి అడ్డం లేకుండా ముందు ఇంజను పక్కన పెట్టుకోమన్నాడు. చల్లగా ఉండు నాయనా అని దీవించిందామె.

దారి పొడవునా ట్రాఫిక్. ఇంజను మూత కాలిపోతోంది. మూట మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. జరపడానికి చోటు లేదు. అడిగితే దింపేస్తారేమోనని నోరు మూసుకుంది.

క్యాంటీనులో మూట విప్పితే ఆవిరి కొట్టింది. వంటమేస్త్రి వాడిపోయిన కట్ట ఒకటి ఎత్తి చూశాడు.

"సగం ఉడికించి తెచ్చావు కదమ్మా. ఉప్పు కూడా వేసుంటే నాకు పని తప్పేది."

పనివాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. రేపటినుంచి వ్యాను ఉన్నతను తెస్తాడని, తన చేతిలో ఏమీ లేదని మెల్లగా చెప్పాడు.

ఆమె మార్కెట్టుకు తిరిగొచ్చి పండ్ల పెద్దమ్మ పక్కన కూలబడింది. అక్కడి ఆడవాళ్ళందరికీ మంచీ చెడూ చెప్పుకోవడానికి ఆవిడే దిక్కు. తప్పు తనదేనని, దోసెడు నీళ్ళయినా చల్లాల్సిందని ఏడ్చింది.

"చల్లితే బస్సువాడు దింపేసేవాడు. చల్లకపోతే మేస్త్రి తీసుకోలేదు. ఇందులో నీ తప్పు ఎక్కడుందే?" అంది పెద్దమ్మ, నలిగిన అరటిపళ్ళు వేరు చేస్తూ. "ఇన్నేళ్ళూ నేనూ మూట చిన్నది చేసుకున్నా, నోరూ చిన్నది చేసుకున్నా. ఏం ఒరిగింది? మూటకీ టికెట్టు కొంటాం, పొద్దున బస్సులో వెనక నాలుగు సీట్లు తీసి చోటివ్వమని అడుగుదాం. డిపోకి అందరం పోదాం పద."

ఆకుకూరలామె ముఖం తుడుచుకుని లేచింది. పోయిన బేరం మాత్రం తిరిగి రాదు.

కష్టపడి సంపాదించుకోమని ఆడవాళ్ళకు చెప్పే నగరం, ముందు వాళ్ళ మూటకు బస్సులో చోటివ్వాలి.